అరువు, గడువు, గౌరవము



గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున అంగళ్ల అరువులను, బాకీలను గూర్చి ప్రసంగమేలయని కొందరికి తోచవచ్చును. నిజమునకు గ్రంథాలయము కూడ అరువిచ్చు స్థలమే. ఇచ్చట ఇచ్చునది సరకు కాదు, పుస్తకము, అంతే భేదము. చందాదారుడు పుస్తకము తీసికొనిపోవునాడు అతని పేరు రిజిస్టరులో వ్రాయుదురు. పుస్తకమునకు అంటించిన చీటీమీద తిరిగి ఇవ్వవలసిన తేదీ వేయుదురు. ఒకరికి ఒకసారి ఇన్ని పుస్తకములే అను మితి ఉండును. పాత పుస్తకము వచ్చిన పిదపనే క్రొత్తది చేతికి వచ్చును. పద్దు, గడువు, మితి, పాతది వచ్చినగాని క్రొత్తది లేదనుట - ఈ నాలుగు కట్టుబాట్లమీదనే గ్రంథాలయము నడచుచున్నది. వీనికి కోపగించుకొని చదువు మానినవారు అరుదు. ఒకరు తిరిగి ఇచ్చిన పుస్తకమే మరియొకరి చేతికి పోవలెనని అందరికిని తెలిసియుండుటయే అందులకు కారణము.

అంగడిలో ఇచ్చు అరువునకు తరచుగా ఈ నాలుగింటిలో ఒకటియు ఉండదు. ఇచ్చునాడు మొగమాటము, అడుగునాడు కోపము, రానినాడు విరోధము. బాకీ వసూలు అనగా బాకీ పాతబడిన తరువాత ఇంటిచుట్టు తిరుగుట అని చాలమంది భావింతురు. అది సరికాదు. వసూలు అరువిచ్చిన నాడే, తక్కెడ దిగకముందే, ప్రారంభము కావలెను. ఈ ప్రసంగములోని ముఖ్యమైన మాట ఇదొక్కటే. తక్కినదంతయు దీనికి వివరణము.

ఈ సీమ స్వభావమును ముందుగా తలచుకొనవలెను. నల్లమాడ, కదిరి, ఓబుళదేవరచెరువు, బుక్కపట్నము ప్రాంతములు చిరకాలము అనంతపురము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను ఆకాశము మారలేదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే సగటు. మెట్ట రైతు జూన్, జులై నెలలలో పదునుచూచి వేరుసెనగ విత్తును. పంట చేతికి వచ్చునది అక్టోబరు, నవంబరు నెలలలో. అదియు వాన దయయున్ననే. రాబడి సంవత్సరమున కొకసారి. ఉప్పు, పప్పు, కిరసనాయిలు మొదలు నేటి ఫోను రీచార్జి వరకు ఖర్చు దినదినము. ఈ రెండింటి నడుమనున్న నెలలను దాటించు వంతెనయే అరువు. ఊరిలో ఉండదగినవారిని లెక్కించుచు శతకకారుడు అప్పిచ్చువానిని కూడ చేర్చుట ఊరక కాదు.

కావున అరువును దోషముగా చూడరాదు. అరువు లేని అంగడి ఈ సీమలో నిలువదు. అయితే హద్దులేని అరువిచ్చిన అంగడియు నిలువదు. ఈ రెండవ మాట లెక్కవేసి చూచినగాని తెలియదు.

ఒక అంగడిదారు 100 రూపాయల సరకు అమ్మినచో అతనికి 10 రూపాయలు మిగులుననుకొనుడు. అనగా ఆ సరకు అతనికి 90 రూపాయలకు పడినది. ఆ 90 రూపాయలు అతడు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. సరకు నగదునకు పోయినచో 10 రూపాయలును అతనివే. అరువు పోయి నాలుగు నెలలకు డబ్బు వచ్చినచో వడ్డీయే 7 రూపాయల 20 పైసలు. మిగులునది 2 రూపాయల 80 పైసలు. అయిదు నెలలైనచో మిగులునది ఒక్క రూపాయి. ఆరవ నెల నిండునప్పటికి వడ్డీ 10 రూపాయల 80 పైసలై, అతడు చేతినుండి 80 పైసలు పోగొట్టుకొని సరకు అమ్మినవాడగును. కొనువాడు మోసగాడు కాడు. ఒక్క పైస తక్కువ చేయక అంతయు చెల్లించినాడు. ఆలస్యము చేసినాడు, అంతే. ఆ ఆలస్యమే లాభమునంతటిని తినివేసినది.

ఇక అసలే రాని బాకీ సంగతి. 5,000 రూపాయల బాకీ మునిగినచో నష్టము 5,000 అని మాత్రమే తోచును. నూటికి పది మిగులు వ్యాపారములో ఆ 5,000 తిరిగి సంపాదించుటకు 50,000 రూపాయల సరకు అమ్మవలెను. ఒకని బాకీ కొరకు అంగడిదారు అందరికొరకు చేసిన శ్రమ పోవును. పెట్టుబడి తిరుగు లెక్కయు ఇట్టిదే. నెలకొకసారి తిరిగి వచ్చు డబ్బు ఏటికి పండ్రెండుసార్లు సరకై లాభము తెచ్చును. నాలుగు నెలలకొకసారి తిరుగు డబ్బు మూడుసార్లే తెచ్చును. డబ్బు అదే, అంగడి అదే, శ్రమయు అదే.

ఈ నష్టము అంగడిదారుని గుమ్మము లోపలనే ఆగదు. అతడును కదిరిలోనో హిందూపురములోనో టోకు వర్తకునికి బాకీదారుడే. పల్లెలో అతనికి రావలసినది రానిచో పట్టణములో అతని మాట చెల్లదు. సరకు తగ్గును; బల్లలు ఖాళీయగును; నగదున్నవారు వేరొక చోటికి పోవుదురు; అరువు కావలసినవారే మిగులుదురు. చివరకు ఒకనాడు తలుపు తెరువబడదు. అంగడి మూతబడిన పల్లెలో ఎక్కువగా బాధపడువారు బస్సెక్కలేని ముసలివారును, కూలికిపోయి ప్రొద్దుగూకి వచ్చు ఆడవారును. బాకీ ఎగవేసినవానికి మోటారు సైకిలుండవచ్చును. శిక్ష పడునది మాత్రము నడచిపోవువారికి.

అంగడిదారుల ఈ కష్టము క్రొత్తది కాదు. ఇతర దేశములవారును దీనిని ఎదుర్కొని తమ తమ మార్గములు కనుగొనిరి. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణములో నేతగాండ్రు మొదలగు 28 మంది శ్రామికులు 28 పౌనుల మూలధనముతో 1844 డిసెంబరు 21న ఒక చిన్న అంగడి తెరచిరి. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు మొదలగు కొద్దిపాటివే అందులోని సరకులు. నగదునకే అమ్మవలెను, అరువు కూడదు అనునది వారి నియమము. ఆ నియమముతో ఆ అంగడి నిలిచి, ప్రపంచమందలి సహకార వర్తకమునకు మాతృక అయినది.

జర్మనీలో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అను గ్రామాధికారి వేరొక మార్గము చూపెను. ఆయన 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పరపతి సంఘమును నెలకొల్పెను. అచ్చట అరువు నిషిద్ధము కాలేదు. ఒకరినొకరు ఎరిగిన ఇరుగుపొరుగువారే సభ్యులు. ఎవరికి ఎంత, ఎందుకు, ఎన్నినాళ్లకు అనునది ఊరివారే నిర్ణయించెడివారు. మద్రాసు ప్రభుత్వమున ఉద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతులను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. తరువాత 1904లో భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

రాచ్‌డేల్ నియమము వారము వారము కూలి అందు పట్టణమునకు తగినది. సంవత్సరమున కొకసారి పంట కోయు మెట్టసీమకు అది ఉన్నదున్నట్లు తగదు. రైఫైజెన్ చూపిన మార్గమే, అనగా మనిషి నెరిగి, మితి నెరిగి, గడువు నెరిగి ఇచ్చుటయే, ఈ సీమకు దగ్గర. అయినను వారపు కూలియు, నెల జీతమును వచ్చువారు ఊరిలో నేడు లేకపోలేదు. వారికి రాచ్‌డేల్ నియమమే మేలు.

ఈ విషయమై హెచ్చరికగా నిలిచిన చరిత్రయు కలదు. 1875 మే నెలలో పూనా జిల్లాలోని సూపా గ్రామములో రైతులు తిరుగబడి, వడ్డీ వర్తకుల ఇండ్లలోని పత్రములను, లెక్కల పుస్తకములను గుంజుకొని తగులబెట్టిరి. ఆ అలజడి పూనా, అహ్మద్‌నగర్ జిల్లాలలో వ్యాపించెను. 1879లో దక్కను వ్యవసాయదారుల రక్షణ చట్టము వచ్చుటకు అది కారణమయ్యెను. రైతుల ముఖ్యమైన గురి ఇండ్లు కాదు, పత్రములు. తమకు తెలియక, తమకు చదువబడక పెరిగిన పద్దుమీదనే వారి కోపము. చదువరాని బాకీదారుని ఎదుట మూసియుంచిన పుస్తకము ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ పరపతి పరిశీలన 1951-52 సంవత్సరములకు సంబంధించినది. దాని నివేదిక 1954లో వెలువడినది. సేద్యగాండ్రు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి సుమారు మూడు పాళ్లే. వర్తకులు, కమీషను ఏజెంట్లు ఇచ్చినది అయిదున్నర పాళ్లు. వడ్డీ వ్యాపారులు ఇచ్చినది దాదాపు డెబ్బది పాళ్లు. ఆ తరువాత బ్యాంకులు పల్లెలకు వచ్చినవి. అయినను తెల్లవారగానే కావలసిన పావుకిలో పంచదారకు బ్యాంకు తలుపు తట్టువాడు లేడు. ఆ చిన్న అరువు నేటికిని అంగడివాని మీదనే ఉన్నది.

ఇక ఆచరణకు రావలెను.

మొదటిది గడువు. ఎవని రాబడి ఏనాడు వచ్చునో ఆనాటికి గడువు పెట్టవలెను. ఉద్యోగికి నెల మొదటివారము. పింఛను వచ్చు వృద్ధురాలికి పింఛను దినము. పాలు పోయువారికి పాల బిల్లు దినము. కూలికి పోవువానికి కూలి చేతికందు దినము. పట్టుపురుగులు పెంచువానికి గూళ్లమ్మిన దినము. వేరుసెనగ రైతునకు కాయలమ్మిన పిదప. అందరికిని ఉగాది గడువనుట సులభమే. కాని రాబడి నవంబరులో వచ్చినవానికి ఉగాది గడువు పెట్టినచో డబ్బు నడుమనే వేరుదారి పట్టును. భూమిశిస్తును ఒక్కమారు కాక కిస్తులుగా, పంటల కాలమును చూచి వసూలు చేయు పద్ధతి ఈ దేశములో పాతది. ఆ మర్మము అంగడికి కూడ వర్తించును.

రెండవది మితి. ఇంటియింటికి ఇంత అని అంగడిదారు తన మనస్సులో కాక పుస్తకములో వ్రాసికొనవలెను. మనిషి మంచివాడగుట వేరు, అతడు తీర్చగల మొత్తము వేరు. మంచివానికి తీర్చలేనంత అరువిచ్చుట అతనికి చేసిన ఉపకారము కాదు; అతని మంచితనమును పోగొట్టుటయే. క్రొత్తవానికి చిన్న మితి పెట్టి, ఒకటి రెండు మార్లు గడువు తప్పనిచో పెంచవచ్చును.

మూడవది పద్దు. తేదీ, సరకు, తూకము, ధర, మొత్తము - కొనువాని ఎదుటనే వ్రాసి, చదివి వినిపింపవలెను. అదే పద్దు కొనువాని దగ్గర నుండు చిన్న పుస్తకములో కూడ ఎక్కింపవలెను. పుస్తకములు రెండైనచో అనుమానము ఒకటియు ఉండదు. నేడు ఫోనులో లెక్కలు పెట్టుకొనువారు ఉన్నారు. అదియు మంచిదే, అయితే ఫోను పోయినను లెక్క పోకుండునట్లు చూచుకొనవలెను. నెలకొకసారి మొత్తము చెప్పి, సంతకమో వేలిముద్రో తీసికొనుట మరచిపోరాదు.

నాలుగవది వరుస. వారమునకొకసారి అంగడిదారు బాకీలన్నిటిని వయస్సు ప్రకారము విడదీసి చూచుకొనవలెను. గడువు రానివి ఒక వరుస. గడువు దాటి నెలలోపువి ఒక వరుస. ఈ పంటకు రావలసి రానివి ఒక వరుస. పోయిన పంటనాటివి ఒక వరుస. చాలమంది పెద్ద మొత్తమును చూచి అచ్చటికే పరుగెత్తుదురు. గడువు దాటి పదిదినములైన చిన్న బాకీ ఒక్క మాటతో వచ్చును. అది మూడేండ్లదైనచో పదిమంది పెద్దలు చెప్పినను రాదు.

అయిదవది అడుగుట. ఇది అన్నిటికంటె నాజూకైనది. గడువు దాటిన తరువాత కాక, గడువునకు పదిదినములు ముందే జ్ఞాపకము చేయవలెను. అప్పుడది మాట, దాటిన తరువాత అది నింద. అడుగుచోటును చూచుకొనవలెను. పెండ్లి పందిరిలో, బస్టాండులో, పిల్లల ఎదుట అడుగరాదు. ఒక అంగడిదారు రచ్చకట్టమీద పదిమందిలో “ఏమప్పా, తినేదానికి ముందు, కట్టేదానికి వెనకనా?” అన్నచో ఆ దినము డబ్బు వచ్చిన రావచ్చును, మనిషి మాత్రము మరల రాడు. అదే మాట ఇంటివద్ద ఒంటరిగా, “అన్నా, శెనిక్కాయ అమ్మినాక ఇస్తానంటివి గదా. ఇంకో పదిదినాలకు గడువొస్తాది. కదిరి షావుకారుకు నేనూ కట్టల్ల. నీకెట్ల వీలైతాదో చెప్పు” అన్నచో, అవతలివాడు తలవంచుకొనవలసిన పని లేదు.

దానికి వచ్చు జవాబును కూడ జాగ్రత్తగా వినవలెను. “సగం దుడ్డు ఇప్పుడిస్తా, మిగిల్నేది సంక్రాంతికి చూస్తా” అని రైతు చెప్పును. ఇందులో సగము మాట గట్టిది, సగము మాట గాలి. “చూస్తా” అనునది గడువు కాదు. సంక్రాంతి ఏనాడు, ఎంత - ఈ రెండును మెల్లగా అడిగి, అతని ఎదుటనే పుస్తకములో వ్రాయవలెను. వచ్చిన సగమునకు వెంటనే రశీదు ఈయవలెను.

ఆరవది ఆపుట. గడువు దాటినవానికి క్రొత్త అరువు ఆపవలెను, మాట ఆపరాదు. క్రొత్త సరకు నగదునకు, పాత బాకీ వారమునకు కొంచెము కొంచెముగా అను ఒడంబడికయే మేలు. అంగడికి రాకుండ తరిమివేసిన బాకీదారుడు మరియొక అంగడిలో నగదిచ్చి కొనును; తొలి అంగడి దారిన నడువడు. తలుపు తెరచియుంచిన అంగడికే పాత బాకీ నడచివచ్చును. పేదవారు చిన్న మొత్తములను గడువు ప్రకారము తీర్చగలరా అని సందేహించువారు తమ వీధిలోని మహిళా పొదుపు సంఘమును చూడవలెను. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో అనుసంధించు పథకమును ఆరంభించినది. నిర్ణీతమైన దినము, చిన్న వాయిదా, అందరి ఎదుట తెరచిన పుస్తకము - ఈ మూడింటితోనే ఆ సంఘములు నిలిచినవి.

ఇంతవరకు చెప్పినది వాన కురిసిన సంవత్సరమునకు సరిపోవును. వాన తప్పిన సంవత్సరమున ఏమి చేయవలెను? ఈ సీమలో అసలు ప్రశ్న ఇది.

కరవు కాలమున భూమిశిస్తు విషయములో ప్రభుత్వము రెండు మాటలను వేరుగా వాడెడిది. ఒకటి వాయిదా, రెండవది మాఫీ. వాయిదా అనగా ఇప్పుడు అడుగకుండుట. మాఫీ అనగా ఎప్పటికిని అడుగకుండుట. 1883, 1884 సంవత్సరముల చట్టముల క్రింద రైతులకు ఇచ్చిన తక్కావి అప్పులును కిస్తులుగా వసూలగునవే. అంగడిదారు ఈ రెంటిని కలగలుపుకొనుటచేతనే నష్టపోవుచున్నాడు. కరవేడు అడుగుటకు మనసొప్పక ఊరకుండును. మరుసటి యేడు అడుగగా రైతు అది పోయినదే అనుకొనును. ఒకడు వాయిదా అనుకొన్నాడు, రెండవవాడు మాఫీ అనుకొన్నాడు. నోటితో ఎవరును ఏమియు అనలేదు.

పంట పోయినదని తెలిసిన నాడే ఇద్దరును కూర్చుండవలెను. అప్పటివరకు అయిన మొత్తమును తేల్చి, దానిపై వడ్డీ ఆపి, వచ్చు పంటకు క్రొత్త గడువు పెట్టి, ఇద్దరును చేవ్రాలు చేయవలెను. బ్రతుకుటకు కావలసిన ఉప్పు పప్పులకు చిన్న మితి మాత్రము వేరుగా నడుపవలెను. నిజముగా తీర్చలేని విధవకో, మంచము పట్టినవానికో వదలివేయదలచినచో ఆ మాట స్పష్టముగా చెప్పి పద్దు కొట్టివేయవలెను. ఇచ్చిన దానము దానముగా నిలువవలెను. మొండి బాకీగా మిగిలి ఇద్దరి మనస్సులలోను ముల్లు కారాదు. బాకీల ఒత్తిడికి, అవమానమునకు తాళలేక ప్రాణములు తీసికొన్న రైతుల ఇండ్లు ఈ సీమలో ఉన్నవి. పది వేల రూపాయలు మరల సంపాదింపవచ్చును. ఈ ఒక్క సంగతి ప్రతి వసూలుదారుని నాలుక చివర ఉండవలెను.

చట్టము సంగతియు కొంత తెలిసియుండుట మంచిది. దానిని వాడుటకు కాదు, వాడవలసిన అవసరము రాకుండుటకు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అరువిచ్చిన సరకు ధరకై దావా మూడేండ్లలోపల వేయవలెను. గడువు పెట్టని అరువునకు సరకిచ్చిన నాటినుండి, గడువు పెట్టిన అరువునకు ఆ గడువు ముగిసిన నాటినుండి మూడేండ్లు. ఆ మూడేండ్లు నిండకముందు బాకీదారుడు బాకీ ఉన్నదని వ్రాతపూర్వకముగా ఒప్పుకొని సంతకము చేసినచో ఆనాటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. కొంత చెల్లించినను అట్లే. కాని ఆ చెల్లు చెల్లించినవాని చేతివ్రాతతోనో సంతకముతోనో ఉండవలెను. అంగడిదారు తన పుస్తకములో తానే జమ వ్రాసికొన్నంత మాత్రమున చాలదు.

లెక్కల పుస్తకము సాక్ష్యమగునా అని చాలమంది అడుగుదురు. వ్యాపారములో క్రమముగా వ్రాయు పుస్తకము సాక్ష్యమునకు పనికివచ్చును. కాని అదొక్కటే ఒకనిని బాకీదారునిగా నిర్ణయించుటకు చాలదు. 1872 నాటి సాక్ష్య చట్టములోని ఈ సూత్రమే 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోను ఉన్నది. కంప్యూటరు లెక్కలకును అది వర్తించును. చేవ్రాలును, కొనువాని చేతిలోని రెండవ పుస్తకమును ఎంత అవసరమో దీనివలన తెలియును. చెక్కు ఇచ్చి అది చెల్లనిచో, బ్యాంకు తెలిపిన 30 దినములలోపల నోటీసు పంపవలెను. అందిన 15 దినములలో సొమ్ము రానిచో, ఆ తరువాతి నెలలోపల ఫిర్యాదు చేయవలెను. తేదీలు తప్పినవానికి ఆ చట్టము ఆసరా కావడము కష్టము.

కోర్టుకు పోకముందు లోక్ అదాలతును తలపవలెను. 1987 నాటి న్యాయ సేవల చట్టము దానికి ఆధారము. అచ్చట కోర్టు రుసుము లేదు. ఇరువురు ఒప్పుకొన్న తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు. డిక్రీ పొందినను అన్నిటిని జప్తు చేయింప వీలులేదు. సేద్యగాని పనిముట్లు, జీవనమునకు అవసరమైన పశువులు, విత్తనపు గింజలు, వంటపాత్రలు, నివాసపు ఇల్లు మొదలగువానికి 1908 నాటి సివిలు ప్రక్రియా స్మృతి రక్షణ ఇచ్చుచున్నది. చట్టము కూడ బాకీదారుడు మరల విత్తుకొని బ్రతుకవలెననియే కోరుచున్నది.

చిన్న అంగడిదారు ఒకప్రక్క అరువిచ్చువాడు. చిన్న ఉత్పత్తిదారు మరియొకప్రక్క పెద్దవారికి అరువిచ్చువాడు. ఇదే జిల్లాలోని ధర్మవరములో పట్టు చీరలు నేయించు చిన్నవాని కష్టము అట్టిది. పట్టునకు, జరీకి, నేతకూలికి అతడు ముందే డబ్బు పెట్టవలెను. చీర మాత్రము పెద్ద పట్టణముల దుకాణములకు అరువు పోవును. అమ్ముడుపోయినపుడు చూతమను జవాబు వచ్చును. మగ్గము గుంటలో కూర్చున్నవాడు అద్దాల దుకాణమునకు పెట్టుబడి పెట్టుచున్నాడన్నమాట. ఇట్టివారికై 2006లో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టము వచ్చినది. దాని ప్రకారము సరకు తీసికొన్నవాడు, ఒడంబడిక ఉన్నను, 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదు. ఒడంబడిక లేనిచో 15 దినములు. దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడురెట్ల చొప్పున, నెలనెలకు చక్రవడ్డీ పడును. ఉద్యమ్ నమోదు చేయించుకొన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారు, ఈ చట్టము క్రింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిలుకు మొరపెట్టుకొనవచ్చును. అయితే సరకు కొని అమ్ము వర్తకులను 2021లో ఉద్యమ్ నమోదులో చేర్చునపుడు, ఆ ప్రయోజనమును బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణముల వరకే పరిమితము చేసిరి. నేయించువానికి ఉన్న ఆసరా కిరాణా అంగడికి లేదు. కిరాణా అంగడికి తన పుస్తకమే చట్టము.

ఇంతవరకు ఇచ్చువాని ధర్మము చెప్పబడినది. పుచ్చుకొనువానికిని ధర్మము కలదు. గడువునాటికి డబ్బు లేనిచో అంగడి వీధిని తప్పించుకొని తిరుగుట కంటె, ఎదురుగా పోయి “ఇంత తెచ్చినాను, తక్కినది ఈ దినము” అని చెప్పుట మేలు. తప్పించుకొనినవాడు డబ్బుతో పాటు మాటను కూడ బాకీ పడును. పంట వచ్చిన సంవత్సరమున మొదటి బస్తా డబ్బు పాత బాకీకి, తరువాతిది పండుగ బట్టలకు అను నియమము ఇంటిలో పెట్టుకొన్నచో, కరవు సంవత్సరమున ఆ ఇంటికి అంగడి తలుపు మూయబడదు. గడువు తప్పనివాని మాట ఈ సీమలో జామీనుకంటె గట్టిది. ఆ మాట బ్యాంకులో వేయనక్కరలేని సొమ్ము.

ఈ గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినది. ఒకరు చదివి తిరిగి ఇచ్చిన పుస్తకమే మరియొకరి ఇంటిలో దీపమైనది. తిరిగి రాని పుస్తకమునకు బీరువాలో ఖాళీ చోటు మిగులును. ఆ ఖాళీని ఎవరో ఒక చదువరి వచ్చి చూచి ఊరక పోవును. అంగడిలోని సరకును అట్టిదే. ఇచ్చునాడు చిరునవ్వుతో పాటు తేదీయు ఇచ్చుట, పుచ్చుకొనునాడు సరకుతో పాటు ఆ తేదీని గుర్తుంచుకొనుట - ఈ రెండు అలవాట్లు పాతుకొన్న ఊరిలో అంగడివాడు, రైతు ఒకరిముఖ మొకరు చూచుకొని నడువగలరు. గ్రంథాలయపు గడువు చీటీ ప్రతి చందాదారుని చేతిలోనే ఉన్నది. ఇంటికి పోయి దానిని ఒకసారి చూచి, అంగడివానికి పెట్టిన గడువు కూడ ఏదియో తలచుకొన్నచో ఈ ప్రసంగము వ్యర్థము కాదు.

స్వస్తి.